మాణిక్యం వాకిట్లో నీడ

…ఇంత ఆలస్యం చేశానని ఏమీ అనుకోకు చిన్నీ, నీడ ఒకప్పుడు పొడుగ్గా, ఒకప్పుడు పొట్టిగా ఎందుకుంటదని నువ్వడిగి నాలుగు రోజులైంది, రోజూ ఏదో ఒక పని తగులుకుంటంది. దుప్పటి కప్పుకున్నావా? ఊఁ కొట్టు మరి.

అనగా అనగా కాలవ పక్కన ఓ ఊరు. ఆ ఊళ్ళో మాణిక్యం అని ఒకావిడ. మొగుడు పోయాడు. బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టి అమ్ముకుని బతికేది. ఆ కాయలు ముదిరేది చలికాలంలో. అందుకని ఏడాది తిండంతా ఆ మూడు నెలల్లోనే సంపాదించుకోవాలి. వడియానికి మంచి ఎండ కావాలి. ఒక్క రోజు ఎండ తప్పిందా, పిండి పులిసిపోతది.

ఆవిడ వాకిలికి దక్షిణాన మరిది గవర్రాజు ఖాళీ స్థలం ఉంది. సందు వదలకుండా హద్దు మీదే మేడ కట్టాలనుకున్నాడు. దానికి వదినగారి వేలిముద్ర కావాలి.

"ఏం అబ్బాయ్, నా ఎండకి అడ్డం రాదు కదా?" అంది.

"అనుమానమెందుకు వదినా, నీ కళ్ళతోనే చూడు" అన్నాడు.

అది వైశాఖమాసం, మిట్టమధ్యాహ్నం. అప్పుడు మేడంత ఎత్తు వెదురు బొంగు తెచ్చి హద్దు మీద నిలబెట్టాడు. నీడ ఎంత పడిందనుకున్నావు? చేటంత కూడా లేదు. "ఇందులో నీ పిల్లి కూడా పడుకోలేదు వదినా!" అని నవ్వాడు. ఆవిడా నవ్వింది. వేలిముద్ర వేసేసింది.

వెలుగు తిన్నగా వస్తదమ్మా. అడ్డం ఏదన్నా ఉంటే వంపు తిరిగి రాలేదు. ఆ అడ్డం వెనకాల వెలుగు పడని చోటే నీడ. ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ళ కిందే ఉంటది. చలికాలం మధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు, దక్షిణంగా వాలిపోయి నడుస్తాడు. అప్పుడు అదే గోడకి అంత పొడుగు నీడ. మాణిక్యం ఇరవయ్యేళ్ళు ఎండనే చూసింది గానీ నీడని ఎప్పుడూ చూళ్ళేదు. చూద్దామన్నా అక్కడ గోడేదీ?

ఆ తర్వాత మేడ లేచింది. మార్గశిరం వచ్చింది. నీడ గోడ దిగి వాకిట్లోకొచ్చి, పొయ్యి దాకా పరుచుకుంది.

మొదటి వాయి వాకిట్లోనే పెట్టింది. పులిసిపోయింది. రెండో వాయి రోడ్డు పక్కన పెట్టింది. మేకలు తొక్కేసినియ్యి. మూడో వాయి పళ్ళెం నెత్తిన పెట్టుకుని గవర్రాజు గుమ్మం ముందుకెళ్ళింది.

"అబ్బాయ్, నా ఎండ నీ మేడెక్కింది. కాస్త పైన ఎండబెట్టుకోనీ."

"కొత్త మేడ మీద ఇంగువ కంపా? బాగుంది వదినా!" అని తలుపేసేశాడు.

అప్పుడు పెద్దమనుషుల దగ్గరికెళ్ళింది. "కోతలవ్వనీ" అన్నారు. కోతలయ్యాయి. "పెళ్ళిళ్ళవ్వనీ" అన్నారు. అయ్యాయి. ఆఖరికి ఎప్పుడొచ్చారో తెలుసా? మళ్ళీ వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం.

వాకిలంతా భగభగమంటంది. నీడ చుక్క లేదు. పెద్దాయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఏదమ్మా నీడ? ఉంటే చెప్పు, నేనే అందులో నిలబడతాను" అన్నాడు.

"ఇప్పుడుండదయ్యా. చలికాలం రండి, చూపిస్తాను."

"చలికాలం వస్తే మంచు చూపిస్తది, వానాకాలం వస్తే వాన చూపిస్తది" అన్నాడు గవర్రాజు. అందరూ పడీ పడీ నవ్వారు.

"ఎండ ఎప్పుడైనా ఎండేగా తల్లీ. ఉత్తపుణ్యానికి మరిదిని ఆడిపోసుకోకు" అని తీర్పు చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. ఆ మజ్జిగ మాణిక్యమే ఇచ్చింది.

ఆ ఏడు చలికాలం ఆవిడ గుమ్మడికాయలు కొనలేదు. అవతలి వీధిలో ఎవరి వాకిట్లోనో, వాళ్ళ వడియాలు కూలికి పెడతా కూర్చుంది. ఎవరన్నా పలకరిస్తే, "ఇక్కడ ఎండ బాగుంది" అనేది.

నువ్వడుగుతావు నాకు తెలుసు, గోడ కూలిందా అమ్మా అని. కూలలేదే. మంచి సిమెంటు వేశాడు.

కథ కంచి దారి పట్టింది,
చిన్ని కన్ను మూతపడింది,
పొయ్యి మీద పా… ఆఁ, వస్తన్నానండీ అత్తయ్యగారూ!