ఊ కొట్టని ఉడత

ఇంతవరకు నోరు విప్పి ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందు చెప్పేస్తాను. ఆ కామెంటు పెట్టింది నేనే.

కాత్యాయనక్క ఫోన్‌లో వారం వారం ఒక సీరియల్ రాసేది. పదో తరగతి తర్వాత బడి మొహం చూడని నేను, రాయడం ఆ సీరియల్ చదివే నేర్చుకున్నాను. అందులో భర్త ఎవరికీ చెప్పకుండా ఆరు నెలలు ఇల్లు వదిలి పోయాడు. "పాపం, ఎంత నలిగిపోయాడో" అని కింద కామెంటు నా పేరుతోనే రాశాను. భార్య హైమ పిల్లాణ్ణి ఒక పూట పక్కింట్లో ఉంచి, అత్తగారికి అబద్ధం చెప్పి ఇంటర్వ్యూకి వెళ్ళింది. "ఇలాంటి మనిషి కథలో కూడా బతకకూడదు" అని దొంగ పేరుతో రాశాను. దాని కింద హైమను తిట్టడానికి చాలామంది చేరారు. అక్క సీరియల్ అక్కడే ఆపేసింది. "ఎవరక్కా ఆ పాపాత్ములు" అని ఫోన్ చేసి ఓదార్చింది కూడా నేనే. తర్వాత పదకొండు నెలలుగా నేను మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

ఇప్పుడు పత్రికవాళ్ళు పిల్లల పేజీకి ఒక నీతి కథ రాయమన్నారు. నీతి చెప్పే అర్హత ఉందా అని ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను. వినండి పిల్లలూ.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాన మొదలైతే ఆగేది కాదు. అందుకని జంతువులన్నీ పెద్ద బండ కింద ఉన్న గుహలో చేరేవి. వాన వెలిసేదాకా ఏదుపంది పెద్దమ్మ వాటికి కథ చెప్పేది.

కథకు ఒక పద్ధతి ఉంది. పెద్దమ్మ ఒక మాట చెప్పగానే, ఎదురుగా కూర్చున్న ఉడత "ఊ" అనాలి. ఊ అంటేనే తర్వాతి మాట. ఊ లేకపోతే కథ అక్కడే ఆగిపోవాలి. ఈ పద్ధతి ఎలుగుబంటి వల్ల వచ్చింది. అది కళ్ళు తెరుచుకునే నిద్రపోయేది. వింటున్నదెవరో, పడుకున్నదెవరో పెద్దమ్మకు తెలిసేది కాదు.

ఆ ఏడు పెద్దమ్మ రేచుకుక్కల కథ ఎత్తుకుంది. అన్న పేరు జాజు. చెల్లెలి పేరు కెంపి.

మొదటి రోజు ఇలా చెప్పింది. "జాజు పులి దగ్గరికి వెళ్ళాడు. 'పులి మామా, నీ పిల్లలు ఏటి ఒడ్డున ఏడుస్తున్నాయి' అని అబద్ధం చెప్పాడు. పులి పరుగెత్తింది. జాజు పులి దాచుకున్న మాంసమంతా తినేశాడు."

"ఊ" అంది ఉడత నవ్వుతూ.

"బుర్ర అంటే అలా ఉండాలి" అంది కొండముచ్చు.

రెండో రోజు ఇలా చెప్పింది. "జాజుకు గుంపుతో మాట పట్టింపు వచ్చింది. పెళ్ళాం పిల్లలకు చెప్పకుండా వెళ్ళిపోయాడు. వానాకాలమంతా తిరిగి రాలేదు."

"ఊ" అంది ఉడత. ఈసారి ఆ ఊ చాలా పొడుగ్గా ఉంది. "లోపల ఎంత బాధ ఉంటే అలా వెళ్తాడు పెద్దమ్మా."

దుప్పి కళ్ళు తుడుచుకుంది. జాజు పిల్లలు ఏం తిన్నాయని ఎవరూ అడగలేదు.

మూడో రోజు కెంపి వచ్చింది. "కెంపి పిల్లలు రెండు రోజులుగా పస్తు. కెంపి అదే పులి దగ్గరికి వెళ్ళింది. 'పులి మామా, నీ పిల్లలు ఏటి ఒడ్డున ఏడుస్తున్నాయి' అంది."

ఉడత సగం ఊ కొట్టింది.

"పులి ఈసారి కదల్లేదు. 'నీ మాట నేనెందుకు నమ్మాలి?' అని అడిగింది."

ఉడత ఊ కొట్టలేదు.

"ఏమ్మా, నిద్రా?" అంది పెద్దమ్మ.

"నిద్ర కాదు. తను తల్లి అయ్యుండి, ఇంకొకరి పిల్లల మీద అబద్ధం ఆడుతుందా?"

"మొన్న జాజు కూడా అదే అబద్ధం ఆడాడు."

"అతని సంగతి వేరు."

"ఏం వేరు?"

"అతను సరదాగా ఆడాడు."

"కెంపి పిల్లలకు ఆకలి" అంది పెద్దమ్మ.

"ఆకలైతే అడగొచ్చు. మర్యాద అనేది ఒకటుంటుంది."

కొండముచ్చు గొంతు సవరించుకుంది. "నాకైతే మొదటినుంచీ ఆ కెంపి నచ్చలేదు."

"మొదటినుంచీ అంటే? ఇప్పుడే కదా వచ్చింది."

"దాని నడకలోనే పొగరు కనబడుతోంది" అంది ఎలుగుబంటి. ఆశ్చర్యంగా, ఆ రోజు అది మేలుకునే ఉంది.

"నేను నడక గురించి ఏమీ చెప్పలేదే."

"చెప్పక్కర్లేదు."

పెద్దమ్మ అదే మాట మళ్ళీ చెప్పింది. "'నీ మాట నేనెందుకు నమ్మాలి?' అని అడిగింది పులి." ఊ రాలేదు. మూడోసారి చెప్పింది. ఉడత తల పక్కకు తిప్పుకుంది.

పెద్దమ్మ లేచింది. ముళ్ళు సర్దుకుంది. వానలోనే తన బొరియకు వెళ్ళిపోయింది.

మర్నాడు పెద్దమ్మ బదులు కుందేలు కథ చెప్పింది. ఆ కథలో అందరూ మంచివాళ్ళే. ఎలుగుబంటి మూడో మాటకే గుర్రు పెట్టింది.

నాలుగు రోజుల తర్వాత వాన కొంచెం తెరిపి ఇచ్చింది. ఉడత గింజలు ఏరుకుని తన ఇప్పచెట్టు దగ్గరికి వచ్చింది. చెట్టు మొదలుకు కొండచిలువ చుట్టుకుని ఉంది. పైన తొర్రలో ఉడత పిల్లలు మూడు ఉన్నాయి. ఇంకా కళ్ళు కూడా సరిగా తెరవలేదు.

"పైన పిల్లలున్నట్టున్నాయి" అంది కొండచిలువ తీరిగ్గా.

ఉడత నోరు వెంటనే పనిచేసింది. "ఇక్కడేం లేవు. నా పిల్లలు ఆ మద్దిచెట్టు తొర్రలో ఉన్నాయి."

"నీ మాట నేనెందుకు నమ్మాలి?" అంది కొండచిలువ.

ఈ ప్రశ్న ఉడతకు తెలుసు. జవాబే తెలియదు. జవాబు రాకుండా ఆపింది తనే.

"నీతో నేనూ వస్తాను" అంది చివరికి. "అక్కడ లేకపోతే నన్ను మింగు."

కొండచిలువకు ఇది న్యాయంగానే తోచింది. రెండూ మద్దిచెట్టు ఎక్కాయి. తొర్ర ఖాళీగా ఉంది. కొండచిలువ ఒప్పందం ప్రకారం నోరు తెరిచింది. ఉడత దూకింది. తోకలో సగం కొండచిలువ నోట్లో ఉండిపోయింది. అది కిందికి దిగి వచ్చేలోపు ఉడత తన పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని వాగు అవతలికి దాటించింది. మూడూ క్షేమం.

సాయంత్రం మళ్ళీ వాన పట్టుకుంది. ఉడత పిల్లల్ని తీసుకుని గుహకు వచ్చింది. గుమ్మం దగ్గరే లోపలి మాటలు వినబడ్డాయి.

"కొండచిలువకు అబద్ధం చెప్పిందట" అంది దుప్పి.

"అదీ పిల్లల పేరు పెట్టి" అంది కొండముచ్చు.

"నాకైతే మొదటినుంచీ ఆ ఉడత నచ్చలేదు" అంది ఎలుగుబంటి. "దాని ఊ లోనే పొగరు కనబడుతుంది."

పోయిన నెలలో ముంగిసాయన అదే కొండచిలువకు అబద్ధం చెప్పి తప్పించుకున్నాడు. అప్పుడు వీళ్ళందరూ మూడు రోజులు ఆ ముచ్చట చెప్పుకుని నవ్వారు. ఉడత కూడా నవ్వింది. బాగా నవ్వింది.

ఉడత గుహలోకి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి ఏదుపంది బొరియకు వెళ్ళింది. పెద్దమ్మ ఏదో దుంప కొరుకుతోంది.

"తోక ఏమైంది?" అంది పెద్దమ్మ.

"సగం ఉంది."

"పిల్లలు?"

"మూడూ ఉన్నాయి." ఉడత తడి ఒళ్ళు దులుపుకుంది. "పెద్దమ్మా, ఆ రోజు కథ ఆపింది నేనే."

"తెలుసు. నా ఎదురుగానే కూర్చున్నావుగా."

"అన్న చేసినప్పుడు నాకు తప్పనిపించలేదు. చెల్లెలు చేస్తే ఒళ్ళు మండింది. ఎందుకో నాకే తెలియదు."

పెద్దమ్మ దుంప పక్కన పెట్టింది. పిల్లల్ని ముళ్ళు తగలకుండా జరిపి కూర్చోబెట్టింది. "'నీ మాట నేనెందుకు నమ్మాలి?' అని అడిగింది పులి" అంది.

"ఊ" అంది ఉడత.

"కెంపి ఏమందంటే, 'నమ్మకపోతే మానెయ్. మా అన్న చెప్పినప్పుడు ఎందుకు నమ్మావో అది చెప్పు' అంది."

"ఊ."

"పులి ఆలోచనలో పడింది. అది ఆలోచిస్తుండగానే కెంపి మాంసం నోట కరుచుకుని పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది."

"ఊ. మరి పులి?"

"ఇంకా ఆలోచిస్తూనే ఉంది" అంది పెద్దమ్మ.

పిల్లలూ, ఇక్కడ నీతి రాయాలి. కానీ హైమ ఆ ఇంటర్వ్యూ గదిలో ఇంకా కూర్చునే ఉంది. పదకొండు నెలలైంది. ఆమెకు ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు. అది తెలిసిన మనిషి అక్క ఒక్కతే. పేరు మార్చినంత మాత్రాన నా వాక్యాన్ని అక్క పోల్చుకోకుండా ఉంటుందా? రాయడం నేర్పింది తనే కదా. ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర. అక్క కుట్టుమిషన్ ఆపి అన్నం తినే వేళ. ఆ కామెంటు నాదేనని చెప్తాను. తిడితే పడతాను. తిట్టడం అయ్యాక ఫోన్ పెట్టెయ్యకపోతే, హైమను లోపలికి పిలిచారా అని అడిగి, ఊ కొడుతూ కూర్చుంటాను. నంబరు తీశాను. చేస్తున్నాను.

నీతి: అన్నకు కొట్టిన ఊ చెల్లెలికీ కొట్టాలి; ఆ రోజు కొట్టనివాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి కొట్టి రావాలి.