ఓడ ఆచారం

సముద్రం దాటడానికి నెలరోజులు పట్టే కాలం. ఓడ పైఅంతస్తులో షావుకార్లు పన్నీటితో చేతులు కడుక్కుంటుంటే, అడుగున చాపకు నలుగురు చొప్పున నేతగాళ్ళను కుక్కారు. జ్వరంతో పడి ఉన్న భార్య పోలమ్మకు గుక్కెడు మంచినీళ్ళిమ్మని అంకయ్య ఓడ యజమానిని అడిగాడు.

"ముందు పైవాళ్ళకు, మిగిలితే మీకు. ఓడ ఆచారం తెలీదట్రా?" అని కసిరాడాయన.

చెక్కల సందుల్లోంచి ఊరే ఉప్పునీటిని రోజూ తోడిపోసేది అడుగువాళ్ళే. మర్నాడు ఒక్కరూ బొక్కెన ముట్టలేదు. మోకాలిలోతు నీళ్ళు చూసి యజమాని కేకలేశాడు.

"తోడండ్రా, మునిగిపోతాం!"

అంకయ్య భార్యను మూటల మీదికి చేర్చి, తాపీగా అన్నాడు: "ఆచారం తప్పుతామా దొరా? ముందు పైవాళ్ళను తోడమనండి. మిగిలితే మేం తోడతాం."

క్షణంలో మంచినీళ్ళ పీపా కిందికి దిగింది. ఆయనకు జాలి కలిగింది పోలమ్మ మీద కాదు, తన ప్రాణం మీద.