చెరువుకు వడ్డన

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు పెద్దయ్యగారికి లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని తగిలించేవారు. అందుకని ఆశ్రమంలో శిష్యులు నోరు విప్పేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు.

త్రయంబకానికి ఆ రోజు ఆలోచించే ఓపిక లేదు. వంటశాల బాధ్యత అతనిది. బియ్యం కడుగు, గంజి, అంట్లు తోమిన నీళ్లు అన్నీ కాలువ తీసి చెరువులోకి వదిలేవాడు. జలచరాలకు కూడా అన్నదానం జరగాలని అతని తాపత్రయం. వదిలేముందు చేతులు జోడించేవాడు కూడా. ఇప్పుడు చెరువంతా పచ్చగా పాచి కట్టింది. చేపలు వెల్లకిలా తేలాయి. అక్కడ చేపలు పట్టి బతికే ముత్తవ్వ చచ్చిన చేపల గంపను వంటశాల గుమ్మంలో దించి కూలబడింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

"అయ్యా, నేను పెట్టింది అన్నమే కదా, విషం కాదుగా?" అని వెళ్లి గురువును అడిగాడు.

పెద్దయ్యగారు మధ్యాహ్నం అతన్ని పంక్తిలో కూర్చోబెట్టి తామే వడ్డించారు. గురువు చేతి వడ్డన వద్దనడం ఆ ఆశ్రమంలో లేదు. ఆయన మళ్లీ మళ్లీ వడ్డించారు. త్రయంబకం తిన్నాడు, తిన్నాడు, ఆఖరికి ఊపిరాడక విస్తరి మీద చేతులు అడ్డం పెట్టేశాడు. అడ్డం పెట్టడానికి చెరువుకు చేతులు లేవని అప్పుడు తట్టింది. తను పెట్టిన తిండికే పాచి పెరిగి, కుళ్లి, చేపలకు ఊపిరి అందలేదు.

మర్నాడే పార పట్టాడు. కాలువ తెంపి గుంటలు తవ్వాడు. మడ్డి అడుక్కి దిగేదాకా నీళ్లను అక్కడ ఆపి, పైతేటను జమ్ము, తుంగ నాటిన మడిలోకి మళ్లించాడు. పాచిని పెంచిన సారాన్ని పీల్చుకుని అవి ఏపుగా లేచాయి. ఆ మడి దాటాకే నీళ్లు చెరువులో కలిసేవి. మడ్డి తీయడం, జమ్ము కోయడం, రెండింటినీ కూరగాయల మళ్లకు ఎరువుగా మోయడం, అన్నీ అతనే. చూడవచ్చినవాళ్లు ముందు ముక్కు మూసుకున్నారు, తర్వాత ముక్కున వేలేసుకున్నారు. ఏం ఓర్పు, ఏం ఓర్పు!

వానాకాలాలు గడిచాయి. పాచి విడిచింది. ముత్తవ్వ మళ్లీ వల వేసింది. అందులో చేపలు తుళ్లిపడుతుంటే త్రయంబకానికి కళ్లనీళ్లు ఆగలేదు. జమ్ము మడి చివర జారే నీటిని చెంబుతో పట్టి పెద్దయ్యగారి దగ్గరికి తెచ్చాడు.

"చూడండయ్యా, చెరువుకు పెట్టడానికి ఇందులో ఇంకేమీ మిగల్లేదు."

ఆయన చెంబు అందుకుని, అడుగుదాకా కనిపిస్తున్న ఆ తేటనీటిని చూశారు.

"ఇన్నాళ్లకు పెట్టావు నాయనా," అన్నారు.