ఎడమా, కుడా?

చిదానందం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. "నడిపించు" అంటారు. నలభై ఏళ్ళ కిందట తార్నాకలో, ఒక టైలరు దుకాణం మీది గదిలో ఆదివారం పొద్దున్నపూట స్పానిష్ చెప్పిన రోజుల నుంచీ ఉన్న అలవాటది. కొత్తగా చేరినవాళ్ళు బిస్కెట్ల డబ్బాలోంచి చీటీ తీయాలి. అందులో స్పెయిన్‌లోని ఒక ఊరి పేరుంటుంది. ఇక ఆ గదిలో వాళ్ళ పేరూ అదే. మాస్టారు చేత్తో గీసిన పటం చూసి ఆ ఊరి వీధులు కంఠతా పట్టి, తోటివాళ్ళని బల్లల మధ్య స్పానిష్‌లో దారి చెబుతూ నడిపించాలి. స్పెయిన్ మాట దేవుడెరుగు, మాస్టారు బొంబాయి దాటి ఎరగరు.

ఆ గదిలో భుజంగరావు పేరు సెవిల్. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు అరవై అయిదేళ్ళు. కూతురు అతన్ని స్పెయిన్ పంపిస్తానంది. తొమ్మిది రోజులు, నాలుగు ఊళ్ళు. అవేవో ఇవాళ సాయంత్రంలోగా తేల్చమంది. తన మోకాళ్ళ సంగతి తనకి తెలుసు కాబట్టి, వెళ్ళేది ఈ ఒక్కసారే. వారం రోజులు పుస్తకాలు తిరగేసి పదకొండు ఊళ్ళు రాసుకున్నాడు. ఒక్కటీ కొట్టెయ్యడానికి చెయ్యి రాదు, ఒక్కదాని మీదా మనసు నిలవదు. చివరికి ఆ కాగితం పట్టుకుని మాస్టారి దగ్గరికొచ్చాడు.

బల్లలు ఎప్పుడో పోయాయి. గదిలో మంచం, రెండు కుర్చీలు, ఎనభై ఏడేళ్ళ మాస్టారు మిగిలారు.

"ఏవి కొట్టెయ్యమంటారు మాస్టారూ?"

ఆయన కాగితాన్ని కళ్ళజోడుకి ఆనించి చివరిదాకా చదివారు. వెనక్కి తిప్పి అక్కడా చూశారు.

"సెవిల్‌లో నడిపించు."

భుజంగరావు లేచాడు. నది దాటాడు, రెండో మలుపులోనే తప్పిపోయాడు. తర్వాత మాస్టారు అడిగిన గ్రనాడాలో కోట పేరు చెప్పాడు గానీ, దానికి దారి చెప్పలేకపోయాడు. టొలెడోలో అసలు నోరే పెగల్లేదు. సొంత ఊరే గుర్తులేకపోయిందని అతనికి సిగ్గేసింది.

"తెరుయెల్?" అన్నారు మాస్టారు.

"అది లిస్టులో లేదండీ."

"చూశాను. నడిపించు."

తెరుయెల్ అంటే హైమవతి. చీటీ విప్పగానే "ఇదేం ఊరండీ, ఎవరూ విననైనా వినలేదు! నాకు బార్సిలోనా ఇవ్వండి" అని పేచీ పెట్టిన పిల్ల. రెండేళ్ళకి భుజంగరావుని పెళ్ళాడింది. ఆ తర్వాత కూడా "సెవిల్ గారూ, ఉప్పు సరిపోయిందా?" అనే పిలిచేది. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ పిలుపు లేని ఇంట్లో అతనికి అన్నం సయించదు.

రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెట్టాడు. స్పానిష్ దానంతటదే వచ్చింది. ఎదురుగా పెద్ద మెట్లదారి. మోకాళ్ళ నొప్పి మరిచి, హైమవతి ఎక్కినట్టే మెట్టు మెట్టుకీ కాలెత్తి ఎక్కాడు. కుర్చీ చుట్టూ తిరిగి, ఎత్తయిన స్తంభం మీద చిన్న ఎద్దుబొమ్మ ఉన్న కూడలికి చేరాడు. పెద్ద చర్చికి పోవాలి. చెయ్యి చాచి ఎడమవైపు తిరిగాడు.

తిరిగాక గాని తెలియలేదు, అది హైమవతి తప్పని. ప్రతి ఆదివారం ఆమె అక్కడ ఎడమకే తిరిగేది. క్లాసు క్లాసంతా ఆమె వెనకాలే పోయి కిటికీకి కొట్టుకునేది. మాస్టారు బల్ల గుద్ది "కుడి!" అని అరిచేవారు. "నా ఊరు మాస్టారూ, నాకు తెలీదా?" అనేది.

భుజంగరావు చెయ్యి అలాగే ఉంచి, బల్ల చప్పుడు కోసం ఆగాడు. కిటికీ కింద కుట్టుమిషను మాత్రం ఆడుతోంది. అతనికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"మొదట రాసింది ఆ పేరేనండీ," అన్నాడు. "అక్కడికి ఒక్కణ్ణీ వెళ్ళలేననిపించి, కాగితం మార్చేశాను."

మాస్టారు తలూపారు. కాగితం మడిచి అతని జేబులో పెట్టారు.

కిందికి దిగే మెట్లదాకా వెళ్ళి భుజంగరావు వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఎడమా మాస్టారూ, కుడా?"

"పటం గీసింది నేను. ఊరు చూడనివాణ్ణి," అన్నారు ఆయన. "ఫోనులో వెతక్కు. అక్కడ నిలబడి చూడు. తప్పు నాదైతే, ఆ పిల్లకి అక్కడే చెప్పు."