తలకెత్తుకున్న గ్రంథం

చదవని పుస్తకాన్ని నలుగురికీ మంచిదని చెప్పే పెద్దమనిషీ, నీ మాట నమ్మినవాళ్ళు ఏమైపోతారో ఎప్పుడైనా ఆలోచించావా? విను.

పూర్వం ఒక రాజ్యంలో, ఆస్థాన పండితుడు విరూపాక్షశర్మ సభలో మంచిదని తలకెత్తుకున్న కొత్త గ్రంథాన్నే పౌరాణికులు ఊరూరా చదివి వినిపించేవారు. కరువు ఏడాది, అడవి దుంపల వంటల మీద ఎవరో రాసిన గ్రంథాన్ని ఆయన విప్పకుండానే తలకెత్తుకున్నాడు. అది విని దుంపలు వండుకున్న ఇళ్ళలో శవాలు లేచాయి.

ఉప్పర నాంచారి ఇద్దరు బిడ్డలను పూడ్చిపెట్టి, సభకొచ్చి మొరపెట్టుకుంది.

"గ్రంథం సత్యమే. వండటం చేతకాక నువ్వే చంపుకున్నావు. ఇంకోసారి నింద వేశావో, నాలుక కోయిస్తా!" అన్నాడు పండితుడు.

మర్నాడు ఆమె ఒక గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నాకు చేతకాలేదు సామీ. అందుకే దివాణం వంటబ్రాహ్మడి చేత, గ్రంథంలో చెప్పినట్టే వండించాను. మడికి లోటు లేదు. ఆరగించండి."

పండితుడు వెనక్కి జరిగాడు. రాజు తినమన్నా ముద్ద ఎత్తలేదు.

నాంచారి గిన్నె తీసుకుని తానే తినేసింది. "ఇవి మా పెరటి చామదుంపలు, దొరా. ఆ గ్రంథాన్ని ఈయనే నమ్మడు. మమ్మల్ని మాత్రం నమ్మమన్నాడు."

రాజు ఆ గ్రంథం ఒక్కటే చేతికిచ్చి పండితుణ్ణి అడవికి తోలించాడు. చుట్టూ దుంపలున్నా, ఒక్కటీ నోట పెట్టుకునే ధైర్యం లేక, అతడు ఆకలితో చచ్చాడు.