వడియాలకు కాపలా కాసిన రాజుగారు

ఆపండ్రా మీ గొడవ. ఒరే శ్రీకరూ, నువ్వేమో ఎండాకాలం మంచిది, బడి లేదు, మామిడిపళ్ళున్నాయి అంటావు. ఏమే లాస్యా, నువ్వేమో చెడ్డది, ఒళ్ళంతా చెమటకాయలు అంటావు. ఇదే గొడవ పెట్టుకుని ఒక మహారాజు ఊరందరి ప్రాణం తీశాడు. చెబుతాను వినండి. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే కథ అలిగి పక్కింటికి పోతుంది.

అనగనగా ఒక ఊళ్ళో ఒక కోట, ఆ కోటలో ఒక రాజు. ఆయన పేరు చండప్రతాపుడు. పేరు వింటే సూర్యుడే జడుసుకోవాలి. మనిషి మాత్రం మాఘమాసం దాటిందంటే ఎండలో అడుగు పెట్టేవాడు కాదు. గొడుగు పట్టేవాడొకడు, గొడుగు మీద తడిగుడ్డ కప్పేవాడొకడు, ఆ గుడ్డ ఆరిపోతోందేమోనని కంగారుపడేవాడింకొకడు. ఈ ముగ్గురికీ జీతాలు.

కోటలో పెద్ద దిగుడుబావి ఉంది. ఊళ్ళో బావులన్నీ అడుగంటినా అది ఎండదు. రాజుగారి తాతగారు పోతూ పోతూ ఒక మాట చెప్పి పోయాడట. ఎండాకాలం చెడ్డదైతే బావి తలుపులు తీసి ఊరికి నీళ్ళివ్వండి, మంచిదైతే మూసి ఉంచండి, వచ్చే ఏటికి పనికొస్తాయి అని. బంగారం లాంటి మాట. కానీ ఏది మంచి ఎండాకాలమో ఏది చెడ్డదో చెప్పకుండానే పోయాడు. పెద్దవాళ్ళతో ఇదే చిక్కు, అసలు మాట దగ్గరికొచ్చేసరికి దగ్గొస్తుంది.

అందుకని ఏటా రోహిణి కార్తె వచ్చి రోళ్ళు పగిలే వేళకి కోటలో ఎండాకాలం సభ. ఎండలోనా సభ? ఎంతమాట! వట్టివేళ్ళ సావిట్లో. నాలుగు వైపులా వట్టివేళ్ళ తడికలు కట్టి, వాటి మీద నౌకర్లు బిందెలకి బిందెలు నీళ్ళు పోస్తూనే ఉంటారు. గాలి ఆ తడికల్లోంచి చల్లగా, ఘుమఘుమలాడుతూ లోపలికొస్తుంది. ఆ నీళ్ళెక్కడివి? ఇంకెక్కడివి, ఆ బావివే. ఊరికి నీళ్ళివ్వాలా వద్దా అని ఆలోచించడానికి ఆ నీళ్ళే పొయ్యడం. ఊ కొడుతున్నారా?

సభలో ఇద్దరు మంత్రులు. పెద్దమంత్రి ఎండాకాలం మంచిదనేవాడు. మామిడిపండు ఎప్పుడొస్తుంది? ఎండాకాలం. తాటిముంజ ఎప్పుడొస్తుంది? ఎండాకాలం. మల్లెపువ్వు ఎప్పుడు పూస్తుంది? ఎండాకాలం. అలాంటి కాలాన్ని చెడ్డదంటే కళ్ళు పోతాయి అనేవాడు. చిన్నమంత్రి చెడ్డదనేవాడు. చెమట ఎప్పుడు పోస్తుంది? ఎండాకాలం. పాలెప్పుడు విరుగుతాయి? ఎండాకాలం. తేళ్ళెప్పుడు బయటికొస్తాయి? ఎండాకాలం. ఆయన మాటే నెగ్గితే బాగుండునని ఊరంతా అనుకునేది. కానీ ఆయనకే గెలవాలని లేదమ్మా. సభ జరిగినన్నాళ్ళూ కోటలో రెండు పూటలా పిండివంటలు. గెలిస్తే భోజనం ఇంట్లో చెయ్యాలి.

ఇక ఊళ్ళో నాంచారు అని ఒక కోడలు. అత్తగారు అచ్చియ్యమ్మ. మొగుడు పోలయ్య, ఉత్త అమాయకుడు. ఎవరేం చెబితే దానికి తలూపడం తప్ప వేరే విద్య రాదు.

అచ్చియ్యమ్మకి నోరంటే నోరు కాదు. పొద్దున్న లేస్తే కోడల్ని తిట్టాలి, పడుకునే ముందు ఇంకోసారి తిట్టాలి. ముగ్గు వంకర, పులుసు పలచన, నడిస్తే చప్పుడు, నవ్వితే తప్పు. ఇక ఎండ మాట ఎవరెత్తినా ఆవిడకి నవ్వులాట. ఇవీ ఎండలేనా? మా రోజుల్లో ఎండలంటే ఎండలు, కాకులు ఎగురుతూ ఎగురుతూనే వేగిపోయి పళ్ళెంలో పడేవి, అనేది. కాకులు తినేవారా అత్తయ్యా అని నాంచారు అడిగిందనుకో, దానికి వేరే తిట్లు. నీడలో కూచోమంటే కూచోదు. మిట్టమధ్యాహ్నం వీధరుగు మీద కూచుని, దారిన పోయేవాళ్ళందరికీ ఈ ఎండ ఒక లెక్కా అని చూపించేది.

ఆ ఏడు ఊళ్ళో బావులన్నీ ఎండిపోయాయి. వాగులో చెలమలు తవ్వితే ముంతెడు బురద. నాంచారు తెల్లారకముందే వెళ్ళి, ఆ బురద గుడ్డలో వడకట్టి, చుక్క చుక్క తెచ్చేది. చివరికి అదీ లేకపోయింది. అప్పుడు మొగుణ్ణి కూచోబెట్టి చెప్పింది. ఏవండీ, కోటలో సాక్షులని పిలుస్తున్నారట, మీరెళ్ళి ఎండాకాలం చెడ్డదని ఒక్క మాట చెప్పి రండి అని. చెడ్డది, చెడ్డది, చెడ్డది అని దారంతా వల్లించుకుంటూ పోలయ్య వెళ్ళాడు.

సాయంత్రానికి చక్కా వచ్చాడు. మొహం నిగనిగలాడుతోంది. ఏం చెప్పారని నాంచారు అడిగితే, మంచిదేనని చెప్పానే అన్నాడు. ఏం చేస్తాం? లోపలికెళ్ళగానే చల్లటి మజ్జిగిచ్చారట, తడికల పక్కన కూచోబెట్టారట, కాసేపు సేదదీరాక ఇప్పుడు చెప్పు నాయనా, ఎండ ఎలా ఉంది అని అడిగారట. నాకు నిజంగా బాగానే ఉందనిపించిందే, అబద్ధమెలా చెప్పను అన్నాడు. వీడొక్కడే కాదు, చెడ్డదని చెప్పడానికి వెళ్ళిన కుమ్మరీ అంతే, గొల్లవాడూ అంతే. అందరూ ఏడుస్తూ వెళ్ళడం, మజ్జిగ తాగడం, మంచిదని చెప్పి రావడం. నాంచారు నెత్తి కొట్టుకుని మొగుణ్ణి తిట్టిపోసింది.

ఆ మర్నాడే జరిగింది. అరుగు మీద కూచున్న అచ్చియ్యమ్మ అలా పక్కకి ఒరిగిపోయింది. వడదెబ్బ. నాంచారు పరుగెత్తుకొచ్చి లోపలికి మోసుకెళ్ళి, ముంతలో మిగిలిన నీళ్ళు నుదుటి మీద చల్లింది. నీళ్ళు పారబోస్తావేమే దరిద్రప్పీనుగా అంటుందని చూసింది. అనలేదు. కావాలని ముంత దభీమని కింద పెట్టింది. అప్పుడూ అనలేదు. అత్తగారు తిట్టడం మానేసిందంటే ఎంత పని జరిగిందో నాంచారుకి అర్థమైంది. ఎన్నాళ్ళుగానో ఆవిడ నోరు మూతపడితే బాగుండుననుకున్న పిల్లే. ఇప్పుడు ఆ నోరు ఒక్కసారి తెరుచుకుంటే చాలు దేవుడా అని ఏడ్చింది.

పోలయ్యని విసనకర్రతో తల్లి దగ్గర కూచోబెట్టి, ముంత పట్టుకుని కోటకి పరుగెత్తింది. గుమ్మం దగ్గర భటుణ్ణి నీళ్ళడిగితే దళవాయిని అడగమన్నాడు. దళవాయిని అడిగితే చిన్నమంత్రిని అడగమన్నాడు. చిన్నమంత్రిని అడిగితే పెద్దమంత్రిని అడగమన్నాడు. పెద్దమంత్రిని అడిగితే రాజుని అడగమన్నాడు. రాజుని అడిగితే సభని అడగమన్నాడు. సభని అడిగితే ఎండనే అడగమంది. ఎండ మంచిదో చెడ్డదో తేలాలి కదా మరి! ఎండ ఎవరికి జవాబు చెబుతుందర్రా? ఏమే లాస్యా, కళ్ళు మూతలు పడుతున్నాయి, ఊ కొట్టు.

ఇదంతా పాపం తడికల బయట నిలబడే అడిగింది. చివరికి సాక్షివైతే లోపలికి రా అన్నారు. నాంచారు సావిట్లో అడుగు పెట్టింది. చల్లగాలి మొహానికి తగిలింది. ఎవరో మజ్జిగ గ్లాసు చేతికివ్వబోయారు. అమ్మా, ఆ క్షణంలో ఆ పిల్లకి కూడా హాయిగా ఉందర్రా! ఎండనీ మర్చిపోయింది, ఇంటి దగ్గర పడున్న అత్తనీ మర్చిపోయింది. రెప్పపాటే. వెంటనే గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. మొగుణ్ణి ఊరికే తిట్టాను పాపం అనుకుంది. మజ్జిగ పక్కన పెట్టించి, రాజుకి దణ్ణం పెట్టింది.

ఎండ ఎలా ఉందమ్మా అని రాజు అడిగాడు. నన్నడక్కండి మహారాజా, ఈ సావిట్లో నేనూ మంచిదే అంటాను అంది. కుమ్మరికి కుండ మీద ప్రేమ, గొల్లవాడికి గొర్రె మీద ప్రేమ, ఎవరి సాక్ష్యం వాళ్ళది. ఏ పక్షమూ లేని సాక్షి ఒక్కటే ఉంది, వడియం. దాన్ని అడగండి అంది. సభంతా గొల్లున నవ్వింది. రాజు మాత్రం నవ్వలేదు. ఆయనకి వడియాలంటే ప్రాణం. ఎలా అడగడం అన్నాడు.

అదేమంత కష్టం? మేడ మీద గుడ్డ పరిచి వడియాలు పెట్టాలి, ఎలా ఎండుతున్నాయో దగ్గర కూచుని చూడాలి, ఎండ సంగతి అదే చెబుతుంది అంది. అదృష్టం కొద్దీ ఆ పూట సభ వాళ్ళ గారెల కోసం వంటింట్లో మినపపిండి రుబ్బి సిద్ధంగా ఉంది. ఊళ్ళో అయితే పప్పు నానబొయ్యడానికే నీళ్ళు లేవు కదా. మరి నౌకర్లు కాపలా కాస్తారన్నాడు పెద్దమంత్రి. నౌకరు చూస్తే తీర్పు కూడా నౌకరే చెప్పాలి బాబూ అంది నాంచారు. ఆ మాటకి రాజుకి రోషమొచ్చి లేచాడు. ఆయన లేచాక మంత్రులు కూచుంటారా?

మిట్టమధ్యాహ్నం. నల్లరాతి మేడ. మెట్ల పైన నాంచారు ఆపింది. వడియాల దగ్గరికి చెప్పులతో వెళ్ళకూడదు కదా, విప్పండి అంది. విప్పారు. గొడుగు నీడ వడియం మీద పడకూడదు కదా, మూసెయ్యండి అంది. మూశారు. కాకి ఒక్క వడియం ఎత్తుకుపోయినా సాక్షి పోయినట్టే, కదలకుండా కూచోండి అంది. కూచున్నారు. కూచున్నారంటే ఎలా కూచున్నారనుకున్నారు! పెద్దమంత్రి కుడికాలు ఎత్తి ఎడమకాలి మీద, ఎడమకాలు ఎత్తి కుడికాలి మీద. రాజుగారి నెత్తిన బంగారు కిరీటం, అది అట్లపెనంలా కాగింది. చిన్నమంత్రి మెల్లగా జారుకుని మెట్ల నీడలో దాక్కున్నాడు.

కాకి కావుమంది. హుష్ అన్నాడు రాజు. మళ్ళీ కావుమంది. మళ్ళీ హుష్ అన్నాడు. మూడోసారి హుష్ అందామంటే నోట్లో తడి లేదు. నీళ్ళు, నీళ్ళు అన్నాడు. నాంచారు చేతులు కట్టుకుని వినయంగా చెప్పింది. మహారాజా, భటుణ్ణి అడిగితే దళవాయిని అడగమన్నాడు, దళవాయి చిన్నమంత్రిని అడగమన్నాడు, చిన్నమంత్రి పెద్దమంత్రిని, పెద్దమంత్రి మిమ్మల్ని, మీరు సభని, సభేమో ఎండని. ఇదుగో, ఎండ ఇక్కడే ఉంది, అడగండి అంది.

రాజు తలెత్తి చూశాడు. పుట్టాక మొదటిసారి సూర్యుణ్ణి మిట్టమధ్యాహ్నం చూశాడు. చెడ్డది, చెడ్డది, బావి తలుపులు తియ్యండిరా అని అరిచాడు. పెద్దమంత్రి గెంతుతూనే, మహాచెడ్డది ప్రభూ అన్నాడు. ఇన్నాళ్ళూ చెడ్డదన్న చిన్నమంత్రి ఇప్పుడు నీడలోంచి తల బయటికి పెట్టి, ఆగండాగండి, వడియం అప్పుడే పెచ్చు కట్టింది, ఇంతకంటే మంచి ఎండ ఉంటుందా అన్నాడు. సాయంత్రం భోజనంలో బూరెలున్నాయట మరి.

నాంచారు ఆయన వంక చూసింది. ఎండ మంచిదే బాబూ, వడియానికి ఎండొక్కటే చాలు, మా అత్తకి నీళ్ళు కూడా కావాలి అంది. ఆ మాట అంటూనే చంకలో ఉన్న ఖాళీ ముంత ముందుకు చాపింది. రాజుకి అంతసేపూ ఆ ముంత కనబడలేదట. అప్పుడు కనబడింది. కిరీటం తీసి పక్కన పెట్టి, తనే ముందు మెట్లు దిగి తలుపు గడియ తీశాడు.

ఊరంతా బిందెలతో, కుండలతో, తప్పేలాలతో వచ్చి పడింది. నాంచారు ఒక్క ముంత ముంచుకుని వెనక్కి చూడకుండా పరుగెత్తింది. అత్త తల ఒళ్ళో పెట్టుకుంది. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది. రెప్ప కదిలాక, చుక్కా చుక్కా పెదాల మీద వేసింది. ఎంతసేపటికో అచ్చియ్యమ్మ కళ్ళు తెరిచింది. ఏమే, ఇంతసేపూ ఎక్కడ పెత్తనాలు చేస్తున్నావు, మొహమంతా ఆ దుమ్మేమిటి, ఇంటి కోడలివా కోతివా అంది. నాంచారు ఆ తిట్లు వింటూ వెక్కి వెక్కి ఏడ్చింది. అచ్చియ్యమ్మ ఇంకో గుక్క తాగి, అటు తిరిగి పడుకుని, ఇవాళ కాస్త ఎండగానే ఉందిలే అంది. ఆవిడ జన్మలో ఒప్పుకున్నది ఆ ఒక్కటే.

మరుసటి ఏడు మళ్ళీ రోహిణి కార్తె వచ్చింది. మళ్ళీ సభ పెట్టారు. మంత్రులిద్దరూ కడుపులు ఖాళీ చేసుకుని మరీ వచ్చారు. రాజు మాత్రం సభ ఇక నుంచి మేడ మీదేనన్నాడు, మిట్టమధ్యాహ్నమేనన్నాడు, చెప్పులు కిందే విప్పి రమ్మన్నాడు. పెద్దమంత్రి మామిడి అని మొదలుపెట్టి, పండు అనే లోపలే కిందికి దిగిపోయాడట. చిన్నమంత్రి అసలు మెట్లే ఎక్కలేదు. బావి తలుపులు పొద్దువాలకముందే తెరుచుకున్నాయి. ఊరు చల్లగా ఉంది.

అందుకే చెబుతున్నాను, ఎండ ఎలా ఉందో నీడపట్టున ఉన్నవాణ్ణి అడక్కూడదు. కథ కంచి బాట పట్టింది, మనం నిద్ర బాట పడదాం. ఒరే శ్రీకరూ, పడుకునే ముందు ఆ కూజా మీద మూత పెట్టు నాన్నా.