అంచున ఉన్న మనిషి

ఎవరైనా ఛాయాచిత్రం తెచ్చి ముందు పెడితే విశ్వపతి గారు వెంటనే దాని సంగతి మాట్లాడరు. తెచ్చినవారి వైపు తిరిగి, "దీంట్లో మీరేం చూస్తున్నారు?" అని అడుగుతారు. కొందరు ఆ ప్రశ్న అర్థంకాక నవ్వుతారు. కొందరు చాలాసేపు ఆలోచించి, చిత్రం తీసుకుని వెళ్ళిపోతారు.

విజయనగరంలో ఆయన దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న వకుళకు ఈ పద్ధతి నచ్చలేదు. ఒక ఆదివారం తోటి విద్యార్థి చిత్రంలో ఆమె లోపాలు ఎత్తిచూపితే అతను చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆమె గురువును నిలదీసినట్టే అడిగింది.

"మాస్టారూ, నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటైనా ఉందా? లోపం కళ్ళెదుట కనబడుతూ ఉంటే, చెప్పేముందు వాళ్ళ మనసులో ఏముందో కనుక్కోవడం ఎందుకు? మనం చూడాల్సింది బొమ్మనే కదా."

"నువ్వు చెప్పిందంతా నిజమేనమ్మా," అన్నారు విశ్వపతి గారు. తన యవ్వనంలో ఇదే ఊళ్ళో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఆ రోజుల్లో ఆయనతోపాటు ఔత్సాహిక ఛాయాచిత్రకారులు కొందరు ఒక మేడగదిలో ఆదివారం మధ్యాహ్నాలు కూడేవారు. వారందరిలో ప్లీడరు శేషశయనం గారిది నిశితమైన చూపు. ఆయన మాట ఎన్నడూ పరుషంగా ఉండేది కాదు. ఎన్నడూ తప్పేదీ కాదు. చిత్రాన్ని గోడకు తగిలించాక తీసినవారు నోరు విప్పకూడదని అక్కడొక నియమం. చిత్రంలో అక్కరలేని భాగం ఉందని తోస్తే దాన్ని అక్కడికక్కడే బ్లేడుతో కోసి చూపడం మరొక అలవాటు. చెప్పిన సలహా మరపున పడుతుందని, కంటితో చూసినది నిలుస్తుందని శేషశయనం గారి నమ్మకం. కావాలంటే మరో ప్రతి వేసుకోవచ్చు గనక ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

ఒకనాడు సముద్రతీరాన ఉప్పుమడులున్న ఊరినుంచి గవరయ్య అనే డ్రిల్లు మాస్టారు ఒక చిత్రం తెచ్చారు. ఆయన ఎందుకు వచ్చారో ఆ గదిలో ఎవరికీ తెలియదు. వకుళకు మాత్రం విశ్వపతి గారు ముందే చెప్పారు. గవరయ్య తమ్ముడు తవిటయ్య ఇంట్లో మాటామాటా పెరిగి ఒక సాయంత్రం వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ సాయంత్రమే మడుల మీద వెలుగు బాగుందని కెమెరా పట్టుకుని నిలుచున్న గవరయ్యకు అప్పుడా సంగతి తెలియదు. చిత్రంలో గట్టుమీద ఉన్న మనిషి తన తమ్ముడని ప్రింటు వేయించాకే గుర్తుపట్టారు. అతను చాలా చిన్నగా పడ్డాడు. ముఖం ఇటుందో అటుందో తెలియదు. ఇంటివైపే తిరిగి ఉన్నాడని తవిటయ్య భార్య నరసమ్మ పట్టు. అందుకే ఆమె రోజూ అతనికి కూడా అన్నం వండి మూతపెడుతోంది. గవరయ్యకు ఒకసారి ఇటున్నట్టు, ఒకసారి అటున్నట్టు కనిపించేది. చూపు తెలిసినవాళ్ళు చెబితే, ఆమెను ఎదురుచూడమనాలో వద్దనాలో తేలుతుందని ఆయన వచ్చారు. నెగెటివు తుపానులో పాడైపోయింది. ఉన్నది ఆ ఒక్క ప్రతి.

చిత్రాన్ని గోడకు తగిలించారు. తెల్లని ఉప్పు కుప్పలు, అద్దంలా నిలిచిన నీటిమడులు, ఎడమ అంచున గట్టుమీద ఒక మనిషి. ఏటవాలు ఎండలో అతని నీడ చిత్రం మధ్యదాకా సాగి ఉంది.

"ఇంత ఉప్పు చూపించి ఊరుకుంటే ఎలా మాస్టారూ, మామిడికాయలు తేలేదా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

శేషశయనం గారు చాలాసేపు చూశారు. "మంచి బొమ్మ. కాని అంచున ఆ మనిషి మన చూపును బయటికి లాక్కుపోతున్నాడు. అతనిక్కడ ఉండనక్కర్లేదు."

ఆ మాటలో తప్పు లేదని విశ్వపతి గారు వకుళతో రెండుసార్లు అన్నారు.

"అది కాదండి బాబూ, ఆ మనిషి..." అంటూ గవరయ్య లేచారు.

"మీరు మాట్లాడకూడదండి," అన్నారు శేషశయనం గారు మృదువుగా. "బొమ్మనే చెప్పనివ్వండి."

డ్రిల్లు మాస్టారు నియమానికి అలవాటుపడిన మనిషి. కూర్చున్నారు. బ్లేడు సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. మళ్ళీ లేచేసరికి ఎడమవైపు చీలిక వేరై బల్లకింద పడి ఉంది.

చిత్రం నిజంగానే మారిపోయింది. కుప్పలు, మడులు, ఆకాశం ఒకదానికొకటి ఒదిగాయి. మనిషి లేని నీడ ఎటునుంచో వచ్చి ఉప్పుమీద పరుచుకుని ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ అందరూ మాటలు తగ్గించారు. తమ వెనక ఎవరో నిలుచున్నట్టు తోచి ఒకరిద్దరు తిరిగి కూడా చూశారు.

గవరయ్య వంగి చీలికను అందుకున్నారు. కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి చాలాసేపు చూసి, తెచ్చి శేషశయనం గారి చేతికిచ్చారు. అందులో గట్టు ఉంది. గట్టుపైన ఆకాశం ఉంది. మనిషి లేడు.

కోత అతని మీదుగా పోయిందేమోనని రెండు ముక్కలనూ బల్లమీద కలిపి చూశారు. అంచులు సరిగ్గా కలిశాయి. నీడ గట్టుదాకా వచ్చి, ఎవరి పాదాలూ లేనిచోట ఆగిపోయింది. ఇంతకుముందు ఆ మనిషిని చూడలేదని అనగలిగినవారు ఆ గదిలో ఒక్కరూ లేరు.

అప్పుడు గవరయ్య తమ్ముడి సంగతి, నరసమ్మ సంగతి, తాను అడగడానికి వచ్చిన మాట నింపాదిగా చెప్పారు. శేషశయనం గారికి చేతిలోని బ్లేడు ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ముందే అడగవలసిందండీ మీరు," అన్నారు చివరికి.

"ఇప్పుడింకా అడగడమెందుకు బాబూ, తెలిసిపోయింది కదా," అన్నారు గవరయ్య. "మావోడు ఎలిపోతన్నోడే. ఇటు తిరగలేదు."

చీలికను జేబులో పెట్టుకుని ఆయన మెట్లు దిగి వెళ్ళారు. చిత్రాన్ని తీసుకోలేదు.

వకుళ అడిగింది: "నరసమ్మ ఏం చేసింది మాస్టారూ?"

"అతనికి వండటం మానేసిందని విన్నాను."

"అతను నిజంగా అటే తిరిగి ఉన్నాడా?"

"ఆ బొమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంది," అన్నారు విశ్వపతి గారు. "శేషశయనం గారు చెప్పింది నిజమేనమ్మా. ఆ మనిషి లేకుండా చాలా బాగుంటుంది."